క్లమీడియా టైపింగ్: ఏ ప్రశ్నకు ఏ పద్ధతి పనికొస్తుంది?

క్లమీడియా మీద థీసిస్ మొదలుపెట్టేవాళ్లూ, ల్యాబ్‌లో కొత్తగా టైపింగ్ (సోకిన బాక్టీరియా ఏ రకమో గుర్తించే పని) పెట్టుకోవాలనుకునేవాళ్లూ ముందు అడిగేది ఒకటే: ‘ఏ పద్ధతి బెస్ట్?’ నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే: మీరు తేల్చుకోవాల్సింది ఏమిటి? రోగికి మందు 7 రోజులు ఇవ్వాలా, 21 రోజులు ఇవ్వాలా అన్నదా? ఒక ప్రాంతంలో ఏ రకాలు తిరుగుతున్నాయన్నదా? ఈ ఇద్దరి ఇన్ఫెక్షన్లు ఒకే గొలుసులోవా కాదా అన్నదా? మూడింటికీ దారులు వేరు. ఒకదానికి సరిపోయే పద్ధతిని ఇంకోదానికి వాడితే డబ్బూ పోతుంది, జవాబూ తప్పుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 15-49 ఏళ్ల వయసువాళ్లలో కొత్తగా దాదాపు 12.9 కోట్ల మందికి క్లమీడియా సోకింది. గనేరియా అంచనా 8.2 కోట్లు. లైంగికంగా సోకే బాక్టీరియా జబ్బుల్లో ఇదే ముందుంటుంది. పైగా సోకినవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలే కనిపించవు. కాబట్టి ‘మీకు ఎవరి నుంచి వచ్చింది?’ అని అడిగి గీసుకున్న బొమ్మ సగం సగమే వస్తుంది. ఆ ఖాళీలు పూరించడానికే బాక్టీరియా జన్యువులను చదువుతాం.

ముందు దీని తత్వం తెలియాలి

పద్ధతుల పోలికకు వెళ్లేముందు రెండు విషయాలు చెప్పాలి. తర్వాత వచ్చే చిక్కులన్నీ వీటి నుంచే పుడతాయి.

మొదటిది: క్లమీడియా ట్రకోమాటిస్ కణాల లోపల మాత్రమే బతుకుతుంది. అగార్ ప్లేటు మీద గీసి మర్నాడు కాలనీలు చూసుకునే వ్యవహారం కాదు. మెకాయ్, హీలా లాంటి సెల్ లైన్లలో, అంటే ల్యాబ్‌లో పెంచే కణాల్లో, పెంచాలి. దీన్నే కల్చర్ అంటారు. అది శ్రమ, ఖర్చు, పైగా శాంపిల్‌లో బాక్టీరియా బతికి ఉండాలి. ఇప్పుడు రోగ నిర్ధారణ అంతా పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను విడత విడతకూ రెట్టింపు చేసి పట్టుకునే పద్ధతి) తరహా పరీక్షలతోనే నడుస్తోంది కనుక మన చేతికొచ్చేది ఆ ట్యూబ్‌లో మిగిలిన కాస్త ద్రవం. చాలా కిట్లలో ఆ ద్రవమే కణాలను పగలగొట్టేస్తుంది. డీఎన్‌ఏ ఉంటుంది, బతికున్న బాక్టీరియా ఉండదు.

రెండోది: ఇది జన్యువుల ముక్కలను తోటి స్ట్రెయిన్లతో (ఉపరకాలతో) మార్చుకుంటుంది. జీనోమ్, అంటే మొత్తం జన్యు సమాచారం, చిన్నదే. 1998లో మొదటిసారి పూర్తిగా చదివిన ‘డి’ స్ట్రెయిన్‌లో సుమారు 10.4 లక్షల డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. దానికి తోడు 7,500 అక్షరాల ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఒకటి. ఇది ముక్కలు పెద్దగా మార్చుకోదని చాలాకాలం అనుకున్నారు. 2012లో 52 స్ట్రెయిన్ల జీనోమ్‌లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రీకాంబినేషన్ (ఈ ముక్కల మార్పిడి) విరివిగా జరుగుతోందనీ, వాడుకలో ఉన్న టైపింగ్ అసలు చుట్టరికాలను కప్పేస్తోందనీ తేలింది.

గనేరియా మీద పనిచేసి ఇటు వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ కల్చర్ ఇంకా సాధ్యం, మందులకు లొంగకపోవడమే ప్రధాన సమస్య. అందుకే అక్కడ ఎన్‌జీ-స్టార్ లాంటి టైపింగ్ పద్ధతి ఏడు రెసిస్టెన్స్ (మందులకు లొంగకపోవడానికి సంబంధించిన) జన్యువుల చుట్టూ అల్లుకుంది. జననాంగ క్లమీడియాలో నిలకడైన మందుల నిరోధకత క్లినిక్‌లలో సమస్య కాలేదు. కాబట్టి ఆ అలవాటుతో ఇక్కడ రెసిస్టెన్స్ జన్యువుల ప్యానెల్ పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఆంప్-ఎ: చవక, పాతది, ఇప్పటికీ మొదటి మెట్టు

ఈ బాక్టీరియా పైపొరలో ఎక్కువగా ఉండే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు ఆంప్-ఎ. పొడవు సుమారు 1,200 అక్షరాలు. అందులో నాలుగు చోట్ల తేడాలు గుంపుగా ఉంటాయి. ఒకప్పుడు యాంటీబాడీలతో గుర్తించిన రకాలనే (సీరోవార్లనే) ఇప్పుడు ఈ జన్యువు చదివి గుర్తిస్తున్నాం. ‘ఎ’ నుంచి ‘సి’ దాకా కంటికి వచ్చే ట్రకోమా, ‘డి’ నుంచి ‘కె’ దాకా జననాంగాల క్లమీడియా, ‘ఎల్1’ నుంచి ‘ఎల్3’ దాకా ఎల్‌జీవీ అనే లోతైన, తీవ్రమైన జబ్బు.

దీని మంచి గుణం, తక్కువ డీఎన్‌ఏ ఉన్నా పనిచేస్తుంది. నెస్టెడ్ పీసీఆర్ (మొదటి రౌండ్‌లో వచ్చినదాని మీద రెండో రౌండ్) చేసి, మామూలు సాంగర్ సీక్వెన్సింగ్‌కు (డీఎన్‌ఏ అక్షరాలు చదివే పాత పద్ధతికి) పంపితే చాలు. దశాబ్దాల డేటా ఇదే భాషలో ఉంది కాబట్టి మీ ఫలితాలను ఏ దేశంతోనైనా పోల్చుకోవచ్చు. స్త్రీ పురుష సంబంధాల ద్వారా సోకే క్లమీడియాలో ‘ఈ’, ‘ఎఫ్’ రకాలు పైన ఉంటాయి. పురుషులతో సంబంధం ఉన్న పురుషులలో ‘డి’, ‘జీ’, ‘జే’ రకాల వాటా పెరుగుతుంది. ఈ స్థాయి చిత్రం కావాలంటే ఆంప్-ఎ కన్నా మించి ఖర్చు పెట్టనక్కర్లేదు.

బలహీనత ఎక్కడంటే, ఇద్దరి ఇన్ఫెక్షన్లను ఒకే గొలుసులో కలిపే శక్తి దానికి లేదు. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. మీ దగ్గర 100 శాంపిల్స్ ఉన్నాయనుకోండి. ‘ఈ’ 40, ‘ఎఫ్’ 20, ‘డి’ 15, ‘జీ’ 8, ‘జే’ 7, ‘కె’ 6, ‘హెచ్’ 4. ఒకరితో ఒకరికి ఏ సంబంధం లేని ఇద్దరిని యాదృచ్ఛికంగా తీస్తే ఇద్దరిదీ ఒకే రకం అయ్యే అవకాశం ఎంత? ఒక్కో వాటాను వర్గం చేసి కూడండి: 0.16, 0.04, 0.0225, 0.0064, 0.0049, 0.0036, 0.0016. మొత్తం దాదాపు 0.24. అంటే నాలుగు జంటల్లో ఒక జంట ఊరికే ‘మ్యాచ్’ అయిపోతుంది. మొదటివారిది ‘ఈ’ అయితే రెండోవారిది కూడా ‘ఈ’ అయ్యే అవకాశం 40 శాతం. ఆ 0.24ను ఒకటి నుంచి తీసేస్తే వచ్చే 0.76ను విచక్షణ సూచిక అంటారు. గొలుసులు గీయాలంటే ఇది 0.95 దగ్గర ఉండాలని కోరుకుంటాం.

కాబట్టి భార్యాభర్తలిద్దరిదీ ‘ఈ’ వచ్చిందంటే ఒకరి నుంచి ఒకరికి సోకిందని రాయకండి. ఒకరిది ‘ఈ’, ఇంకొకరిది ‘జీ’ వస్తే మాత్రం, ఆ శాంపిల్స్‌లో దొరికిన బాక్టీరియా ఒకటి కాదని నమ్మకంగా చెప్పొచ్చు. అక్కడ కూడా ఒక మెలిక ఉంది: ఒకే మనిషిలో రెండు రకాలుంటే సాంగర్ సాధారణంగా ఎక్కువున్నదాన్నే చూపిస్తుంది. సీక్వెన్స్ బొమ్మను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా కళ్లతో చూడండి. తేడాలుండే భాగాల దగ్గర ఒకే స్థానంలో రెండు రంగుల శిఖరాలు, ఒకటి పొడవుగా, దాని కింద ఇంకోటి పొట్టిగా వరసగా కనిపిస్తుంటే అది రీడింగ్ లోపం కాకపోవచ్చు, మిశ్రమ ఇన్ఫెక్షన్ కావచ్చు. సాఫ్ట్‌వేర్ పెద్ద శిఖరాన్నే తీసుకుని నిశ్శబ్దంగా ‘ఈ’ అని చెప్పేస్తుంది.

నెస్టెడ్ పీసీఆర్ అంటేనే మొదటి రౌండ్ ట్యూబ్ మూత తీయాలి. ఆ క్షణంలోనే పక్క ట్యూబులు పాడవుతాయి. ప్రతి రౌండ్‌కూ వేరే ఖాళీ కంట్రోల్ (డీఎన్‌ఏ వేయని ట్యూబ్) పెట్టని ల్యాబ్ నుంచి వరసగా పది ‘ఈ’లు వస్తే నాకు ముందు అనుమానం వచ్చేది రోగుల మీద కాదు, పైపెట్ మీద.

ఆంప్-ఎ మోసం చేసే చోటు

పైన చెప్పిన మార్పిడి గుణం ఈ జన్యువుకు మరీ ఎక్కువ. బాక్టీరియా దీన్ని చొక్కా మార్చినట్టు మారుస్తుంది, లోపలి మనిషి మాత్రం అలాగే ఉంటాడు.

పోర్చుగల్‌లోని లిస్బన్ పరిశోధకులు 2019 ప్రాంతంలో బయటపెట్టిన స్ట్రెయిన్ దీనికి మంచి ఉదాహరణ. జీనోమ్ అంతా ఎల్‌జీవీ కలిగించే ఎల్2బి రకానిది. ఆంప్-ఎ ఉన్న భాగం మాత్రం మామూలు జననాంగ క్లమీడియా ‘డి’ తరహాది. ఆంప్-ఎ మాత్రమే చదివే ల్యాబ్ దాన్ని ‘డి’ అని రిపోర్ట్ ఇస్తుంది. రోగికి 7 రోజుల మందు రాస్తారు, కావాల్సింది 21 రోజులు.

ఆస్ట్రేలియా ఆదివాసుల కళ్ల నుంచి తీసిన ట్రకోమా స్ట్రెయిన్లలో దీనికి తిరగబడిన కథ కనిపించింది. ఆంప్-ఎ చూస్తే కంటి రకం, మిగతా జీనోమ్ చూస్తే జననాంగ రకాల చుట్టం. 2016లో ఆ జీనోమ్‌లు ప్రచురించేదాకా వాటిని మామూలు ట్రకోమా వంశంలోనే కలిపేవారు.

ఇందువల్ల ఆంప్-ఎ పనికిరాదని తీర్మానించకండి. అది ఆ జన్యువు గురించి నిజమే చెబుతోంది. ఒక జన్యువు చెప్పినదాన్ని మొత్తం స్ట్రెయిన్‌కు అంటగట్టేది మనం.

ఎల్‌జీవీ అనుమానం ఉంటే పీఎంపీ-హెచ్ పీసీఆర్

టైపింగ్ ఫలితం నేరుగా మందుల చీటీని మార్చే సందర్భం క్లమీడియాలో ఇదొక్కటే. అందుకే దీన్ని విడిగా చెబుతున్నాను.

2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో, పురుషులతో సంబంధం ఉన్న పురుషులలో మలద్వారం దగ్గర తీవ్రమైన వాపు, రక్తం, నొప్పితో కేసులు బయటపడ్డాయి. అప్పటిదాకా సంపన్న దేశాల్లో ఎల్‌జీవీ దాదాపు మరిచిపోయిన జబ్బు. ఆ కేసుల్లో కనిపించిన కొత్త రూపానికి ఎల్2బి అని పేరు పెట్టారు. తర్వాత పాత ఫ్రీజర్లు వెతికితే శాన్ ఫ్రాన్సిస్కోలో 1980లలో దాచిన శాంపిల్స్‌లోనూ అదే దొరికింది. హఠాత్తుగా పుట్టిన కొత్త మహమ్మారి అనుకున్నది ఏళ్ల తరబడి ఎవరూ చూడకుండా తిరుగుతున్నదని అప్పుడు అర్థమైంది. మాలిక్యులర్ ఎపిడెమియాలజీ (జన్యువులను చదివి జబ్బు వ్యాప్తిని తెలుసుకునే శాస్త్రం) చేసిన చక్కటి పనుల్లో నాకు ఇది ఎప్పుడూ ముందుంటుంది. దానికి వాడింది కూడా పెద్ద యంత్రాలు కాదు, ఆంప్-ఎ.

రోజువారీ గుర్తింపుకు మాత్రం పీఎంపీ-హెచ్ అనే జన్యువు మేలు. ఎల్‌జీవీ స్ట్రెయిన్లలో ఈ జన్యువులో 36 అక్షరాల ఖాళీ ఉంటుంది, మిగతావాటిలో ఉండదు. ఆ ఖాళీ మీద ప్రోబ్ (గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) కూర్చునేలా రూపొందించిన రియల్-టైమ్ పీసీఆర్ కొన్ని గంటల్లో అవునో కాదో చెబుతుంది. సీక్వెన్సింగ్ అక్కర్లేదు. లిస్బన్ స్ట్రెయిన్ లాంటిది వచ్చినా, పీఎంపీ-హెచ్ ఎల్‌జీవీ వంశం నుంచే వచ్చింది కాబట్టి ఇది దాన్ని పట్టుకుంటుంది.

రెక్టల్ (మలద్వారం నుంచి తీసిన) శాంపిల్ పాజిటివ్ వచ్చి లక్షణాలున్నాయంటే ఈ పరీక్ష ముందు చేయించండి, మిగతా టైపింగ్ ఆలోచన తర్వాత. ఎల్2, ఎల్2బి తేడా తేల్చడం ఎపిడెమియాలజీకి కావాలి, రోగికి అక్కర్లేదు. ఎల్‌జీవీ అని తేలితే డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 21 రోజులు. ఏ రకం ఎల్ అయినా అంతే.

ఎంఎల్‌ఎస్‌టీ: పేరు ఒకటే, సరుకు రెండు రకాలు

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడతారు. ఎంఎల్‌ఎస్‌టీ అంటే జీనోమ్‌లో వేర్వేరు చోట్ల ఉన్న కొన్ని జన్యువులను చదివి, వాటి కలయికకు ఒక నంబర్ ఇవ్వడం. క్లమీడియాకు ఈ పేరుతో ఒకటికి మించిన స్కీములున్నాయి, అవి చేసే పనులు వేరు.

ఒకటి 2008లో వచ్చింది. బాక్టీరియా బతకడానికి తప్పనిసరైన ఏడు హౌస్‌కీపింగ్ జన్యువులను చదువుతుంది. ఆ తర్వాతి ఏడాది అదే ధోరణిలో ఇంకో స్కీము కూడా వచ్చింది. ఈ జన్యువులు మెల్లగా మారతాయి. వేల ఏళ్ల వంశవృక్షం గీయడానికి, కంటి రకాలూ జననాంగ రకాలూ ఎల్‌జీవీ ఎక్కడ విడిపోయాయో చూడటానికి బాగుంటాయి. ఒక నగరంలో నిరుడు సోకిన కేసులను విడదీయమంటే చేతులెత్తేస్తాయి.

రెండోది స్వీడన్‌లోని ఉప్సల నుంచి 2007లో వచ్చింది. ఇది కావాలనే ఎక్కువగా మారే ఐదు ప్రాంతాలను ఎంచుకుంది: హెచ్‌సీటీ-బి, పీబీపీ-బి, సీటీ058, సీటీ144, సీటీ172. వీటికి ఆంప్-ఎ కలిపితే ఆరు. ఒకే ఆంప్-ఎ ‘ఈ’ కింద గుట్టగా పడున్న శాంపిల్స్‌ను ఇది చాలా ముక్కలుగా విడగొడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దీన్నే వాడి, పురుషులతో సంబంధం ఉన్న పురుషులలోనూ, స్త్రీ పురుష సంబంధాలున్నవాళ్లలోనూ తిరిగే క్లమీడియా చాలావరకు వేర్వేరు గుంపులని 2013లో చూపించారు. ‘ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి పొంగుతోందా?’ అన్న ప్రశ్నకు ప్రజారోగ్య శాఖలకు కావాల్సిన జవాబు సరిగ్గా ఈ స్థాయిలోదే.

నా అభిప్రాయం దాచుకోను. నెట్‌వర్కుల మీద పనిచేయాలని ఉండి, జీనోమ్‌లకు బడ్జెట్ లేకపోతే ఉప్సల స్కీము తీసుకోండి. హౌస్‌కీపింగ్ స్కీము పబ్లిక్ డేటాబేస్‌లో బాగా కనబడుతుంది కాబట్టి చాలామంది అటే వెళ్తారు. వందల శాంపిల్స్ చదివాక రెండు మూడు నంబర్లకే అంతా పోగుపడితే అప్పుడు టెన్షన్ పడతారు. ప్రపోజల్ రాసేటప్పుడే ‘ఎంఎల్‌ఎస్‌టీ’ అని ఊరుకోకుండా ఏ స్కీమో, ఏ జన్యువులో రాయండి. రివ్యూ చేసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఉప్సల స్కీముకూ ఇబ్బందులున్నాయి. ఒక్కో శాంపిల్‌కు ఆరు పీసీఆర్‌లు, ఆరు సీక్వెన్సులు. ఐదు వచ్చి ఆరోది రాకపోతే ఆ శాంపిల్‌కు పూర్తి నంబర్ రాదు. డీఎన్‌ఏ తక్కువున్న మూత్రం శాంపిల్స్‌లో ఇది తరచూ జరుగుతుంది.

ఎంఎల్‌వీఏ గురించి రెండు మాటలు చాలు. ఒకే అక్షరం వరసగా ఎన్నిసార్లు వచ్చిందో మూడు చోట్ల లెక్కపెట్టి, దానికి ఆంప్-ఎ జోడిస్తారు. కాగితం మీద విచక్షణ బాగా ఎక్కువ. కానీ అలాంటి ఒకే అక్షరపు వరసల్లో పీసీఆర్ ఎంజైమే జారిపోతుంటుంది. పది ‘సి’లు ఉన్నాయా పదకొండా అన్నది బాక్టీరియాలో వచ్చిన మార్పా, ట్యూబ్‌లో వచ్చిన మార్పా అని తేల్చడం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఇది చెప్పను.

హోల్ జీనోమ్: అన్నిటికీ కాదు, ఎంచుకున్నవాటికి

జీనోమ్ మొత్తం చదివితే పై పద్ధతులన్నీ అందులోనే వచ్చేస్తాయి: ఆంప్-ఎ, పీఎంపీ-హెచ్, రెండు రకాల ఎంఎల్‌ఎస్‌టీ, ప్లాస్మిడ్. ఎక్కడ ఏ ముక్క అరువు తెచ్చుకుందో కూడా కనిపిస్తుంది. మరి అందరూ ఇదే చేయొచ్చుగా?

సమస్య శాంపిల్‌తో. స్వాబ్‌లోని (శాంపిల్ తీసిన దూది పుల్లలోని) డీఎన్‌ఏను నేరుగా చదివితే వచ్చేదాంట్లో దాదాపు అంతా మనిషిదే. క్లమీడియా ఏ మూలనో ఉంటుంది. అందుకని క్లమీడియా జీనోమ్‌కు అతుక్కునే ఆర్‌ఎన్‌ఏ ఎరలతో దాన్ని ముందు ఏరుకోవాలి. ఈ పద్ధతి 2014 నుంచి వాడుకలో ఉంది, కల్చర్ అవసరం లేకుండా చేసింది. కానీ శాంపిల్‌కు అయ్యే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది, బాక్టీరియా తక్కువున్న శాంపిల్స్ ఇక్కడా విఫలమవుతాయి.

ఎరలు వాడినా కొంత మానవ డీఎన్‌ఏ వచ్చి తీరుతుంది. డేటా పబ్లిక్‌లో పెట్టేముందు దాన్ని తీసేయాలి. ఇది లైంగిక వ్యాధి రోగి డీఎన్‌ఏ అని మరిచిపోవద్దు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో ఈ అంశం మొదటి పేజీలోనే ఉండాలి.

విశ్లేషణలోనూ మెలికలున్నాయి. రీకాంబినేషన్ వల్ల ఒకే సంఘటనలో వందల అక్షరాలు మారిపోవచ్చు. వాటిని ఒక్కొక్క మ్యుటేషన్‌గా లెక్కిస్తే దగ్గరి చుట్టాలు దూరపువాళ్లలా కనిపిస్తారు. గబ్బిన్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ ముక్కలను గుర్తించి పక్కన పెట్టాకే చెట్టు గీయాలి. ఇంకో వైపు, మామూలు మ్యుటేషన్లు క్లమీడియాలో చాలా మెల్లగా పోగవుతాయి. ‘ఇన్ని అక్షరాల లోపు తేడా ఉంటే నేరుగా సోకినట్టు’ అని కొన్ని ఇతర బాక్టీరియాలకు గీసుకునే గీతను ఇక్కడికి తెచ్చుకోకండి. ఎల్2బి లాంటి వంశాల్లో ఒకరినొకరు ఎప్పుడూ చూడని రోగుల జీనోమ్‌లు కూడా దాదాపు ఒకేలా ఉండొచ్చు.

ఎవరి నుంచి ఎవరికి అన్న దిశను జీనోమ్ చెప్పదు. కుటుంబ తగాదాల్లో, కేసుల్లో ఈ రిపోర్టులు వాడుకోవాలని చూసేవాళ్లు ఉంటారు. ఇద్దరి జీనోమ్‌లు కలిశాయంటే అర్థం ‘కాదని చెప్పలేం’ అనే, అంతకు మించి ఒక్క అక్షరం కూడా రాయొద్దు.

నా దృష్టిలో దీనికి సరైన చోటు: ముందు అందరికీ ఆంప్-ఎ చేసి, వాటిలో వింతగా ఉన్నవీ, కొత్త గుంపులోవీ, పీఎంపీ-హెచ్‌తో ఆంప్-ఎ పొసగనివీ ఏరి, వాటికే జీనోమ్ చదివించడం. ప్రతి గుంపు నుంచీ కొన్ని మామూలువి కూడా కలుపుకోవాలి, లేదంటే వింతవాటినే చూసి అంతా వింతే అనుకుంటాం.

శాంపిల్ మాట వినకుండా పద్ధతి ఎంచుకోవద్దు

చాలా నిర్ధారణ పరీక్షలు ప్లాస్మిడ్‌ను వెతుకుతాయి. కారణం ఒక్కో బాక్టీరియాలో క్రోమోజోమ్ ఒకటైతే ప్లాస్మిడ్లు సుమారు నాలుగు నుంచి పది దాకా ఉంటాయి. టైపింగ్ జన్యువులన్నీ క్రోమోజోమ్ మీద ఒక్క కాపీగా ఉన్నవి. అంటే నిర్ధారణ పరీక్ష కన్నా టైపింగ్ పీసీఆర్ రెండు మూడు సైకిళ్లు (రెట్టింపు చేసే విడతలు) వెనక నడుస్తుంది. ప్లాస్మిడ్ పరీక్ష 36వ సైకిల్ దగ్గర పాజిటివ్ ఇచ్చిందంటే, ఆరు జన్యువుల స్కీముకు ఆ శాంపిల్ పంపి కూర్చోవడం దండగ. ఆంప్-ఎ నెస్టెడ్ ఒకసారి ప్రయత్నించి వదిలేయండి.

ఇందులో ఒక పక్షపాతం కూడా దాగుంది. టైపింగ్‌లో గట్టెక్కేవి బాక్టీరియా ఎక్కువున్న శాంపిల్స్. మీ ఫలితాల పట్టికలో ‘టైప్ కానివి’ అనే వరస తప్పకుండా పెట్టి, అవి ఏ వయసువాళ్లవో, ఏ శాంపిల్ రకమో చూపించండి.

చికిత్స తర్వాత మళ్లీ పాజిటివ్ వచ్చినవాళ్ల మీద పనిచేస్తుంటే ఇంకో జాగ్రత్త. చనిపోయిన బాక్టీరియా డీఎన్‌ఏ కొన్ని వారాలు పరీక్షకు దొరుకుతూనే ఉంటుంది. మూడు నాలుగు వారాలు కాకముందే తీసిన శాంపిల్ ఏమీ తేల్చదు. ఆ తర్వాత తీసినదాంట్లో రకం వేరుగా వస్తే కొత్త ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు. అదే రకం వస్తే మందు పనిచేయలేదా, మందు వేసుకోని పార్ట్‌నర్ నుంచి మళ్లీ వచ్చిందా అన్నది జీనోమ్ చదివినా తేలదు. పార్ట్‌నర్ మందు వేసుకున్నారా అని ఒక ప్రశ్న అడిగితే తేలుతుంది. రెక్టల్ క్లమీడియా అయితే ఏ మందు ఇచ్చారో కూడా చూడండి. అక్కడ ఒక్క డోస్ అజిత్రోమైసిన్ కన్నా ఏడు రోజుల డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుందని ట్రయల్స్‌లో రుజువైంది.

నిర్ధారణ పరీక్ష ఎంపిక కూడా ఇందులో భాగమే

2006లో స్వీడన్‌లోని హాలండ్ కౌంటీలో క్లమీడియా కేసులు ఉన్నట్టుండి 25 శాతం తగ్గాయి. సంతోషించాల్సిన విషయమే. కానీ తగ్గడానికి కారణం ఎవరికీ కనిపించలేదు. అక్కడి ల్యాబ్ వాళ్లు అనుమానించి వెతికితే, ప్లాస్మిడ్‌లో 377 అక్షరాలు ఎగిరిపోయిన వేరియంట్ దొరికింది. అప్పటి అబాట్, రోష్ పరీక్షలు వెతికేది సరిగ్గా ఆ ముక్కనే. బాక్టీరియా ఉంది, పరీక్షకు కనిపించలేదు. వేరే లక్ష్యాన్ని వెతికే పరీక్ష వాడిన కౌంటీల్లో దాన్ని మామూలుగానే పట్టుకున్నారు, చికిత్స ఇచ్చారు. కనిపించని చోట చికిత్స పడక అది పెరిగింది. కొన్ని కౌంటీల్లో క్లమీడియాలో సగానికి పైగా అదే అయింది.

టైపింగ్ చేస్తే ఈ వేరియంట్లన్నీ ఒకే తల్లి పిల్లలని తేలింది: ఆంప్-ఎ ‘ఈ’, ఉప్సల స్కీములో ఒకే నంబర్. దాని వ్యాప్తికి దానికున్న ప్రత్యేక బలమేదో కారణం కాదు, పరీక్ష కంటికి దొరక్కపోవడమే. కంపెనీలు రెండో లక్ష్యం జోడించాక దాని వాటా తగ్గుతూ వచ్చింది.

అది పాత సంగతి అనుకునేలోపు, 2019లో ఫిన్లాండ్‌లో ఇంకోటి. ఈసారి ప్లాస్మిడ్ కాదు, 23ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మార్పు. ఆ భాగాన్నే వెతికే ఆప్టిమా కాంబో 2 పరీక్ష దాన్ని దాటవేసింది. తర్వాత స్వీడన్, నార్వే, ఇంగ్లండ్‌లలోనూ కనిపించింది. అక్కడా పరిష్కారం రెండో లక్ష్యమే.

కొత్త కిట్ కొనేటప్పుడు క్లమీడియాకు ఎన్ని లక్ష్యాలు చూస్తుందని అడగండి. ఒకటే అయితే ధర ఎంత తక్కువైనా ఆలోచించండి. ఇప్పటికే ఒకే లక్ష్యం ఉన్న కిట్ వాడుతుంటే, నెగెటివ్ వచ్చినవాటిలో కొన్నిటిని అప్పుడప్పుడు వేరే లక్ష్యం ఉన్న పరీక్షతో మళ్లీ చూడండి. పాజిటివ్ శాతాన్ని నెలవారీగా గీసి గోడకు పెట్టుకోండి.

చేతిలో ఉన్నదాన్ని బట్టి

పీజీ థీసిస్, ఏడాది సమయం, వంద లోపు పాజిటివ్ శాంపిల్స్: ఆంప్-ఎ, రెక్టల్ శాంపిల్స్‌కు అదనంగా పీఎంపీ-హెచ్. మిగిలిన డబ్బు రోగుల వివరాలు సరిగ్గా రాసుకోవడానికి మనిషిని పెట్టుకోవడానికి ఖర్చు పెట్టండి. వయసు, శాంపిల్ తీసిన చోటు, లక్షణాలు, గత మూడు నెలల పార్ట్‌నర్లు, వేసుకున్న మందు. ఇవి లేని వంద జీనోమ్‌ల కన్నా ఇవి ఉన్న వంద ఆంప్-ఎలు ఎక్కువ చెబుతాయి.

లైంగిక ఆరోగ్య క్లినిక్‌కు అనుబంధంగా ల్యాబ్ నడుపుతుంటే పీఎంపీ-హెచ్ రోజువారీ పనిలో ఉండాలి, మిగతావి వారం పది రోజులకోసారి బ్యాచ్‌గా చేసినా నష్టం లేదు.

రెండు మూడు నగరాల నెట్‌వర్కుల అధ్యయనమైతే ఉప్సల స్కీము. ముందు ఒక ఇరవై శాంపిల్స్‌తో ఆరు జన్యువులూ ఎంతమందిలో వస్తున్నాయో చూసుకుని, అప్పుడు శాంపిల్ సైజు లెక్క వేయండి. మూత్రం శాంపిల్సే ఎక్కువైతే ఆ లెక్క మారిపోతుంది.

జీనోమ్‌లకు గ్రాంట్ దొరికిందనుకోండి, ఎరలు ఆర్డర్ చేసేముందు ఫ్రీజర్ తెరిచి చూడండి. ఎన్ని ట్యూబుల్లో ఎంత ద్రవం మిగిలింది, ఎన్నిసార్లు కరిగించి మళ్లీ గడ్డకట్టించారు, ఏ కిట్ ద్రవం అన్నది రాసిపెట్టి, ప్రతి ట్యూబ్‌కూ క్రోమోజోమ్ లక్ష్యం మీద ఒక రియల్-టైమ్ పీసీఆర్ చేయించండి. 30వ సైకిల్ లోపు వచ్చినవాటితో మొదలుపెట్టండి. తర్వాతివి రెండో విడతకు ఉంచుకోవచ్చు.